కాఫే మరోన్ మొక్క గురించి మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్నలు

కోవూరు దాటినాక హైవే పక్కన మాదొక చిన్న నర్సరీ. మల్లె, నూరువరహాలు, నిమ్మ అంట్లు అమ్ముకుని బతికేవాళ్ళం. ఈ మధ్య "లోకంలో ఒకే ఒక్కటి మిగిలిన మొక్క" అని ఒక వీడియో వాట్సాప్‌లో తెగ తిరిగింది, అప్పట్నుంచి కావలి నుంచి, ఒంగోలు నుంచి, కనిగిరి నుంచి కూడా ఫోన్లు. అందరూ అవే అడుగుతుండారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి, మా అమ్మాయి టైప్ చేస్తానంటే కూర్చుని అన్నీ రాయించా. మీకు ఏ డౌటుంటే అది చదువుకోండి, వరసగా చదవాలని ఏం లేదు.

## ముందు అసలు ఇదేంది

అన్నా, ఆ వీడియోలో మొక్క పేరేంది?

కాఫే మరోన్. శాస్త్రం పేరు రామోస్మానియా రోడ్రిగెసి. హిందూ మహాసముద్రంలో రోడ్రిగ్స్ అని ఒక దీవుంది, అది పుట్టింది అక్కడే, ఇంకెక్కడా సహజంగా పెరగదు. పెద్ద పొద అనొచ్చు, చిన్న చెట్టు అనొచ్చు. తెల్లటి పూలు, అయిదు రేకులు, నక్షత్రం మాదిరి. అంతర్జాతీయ రెడ్ లిస్టులో అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి కింద రాశారు. దీనికి ఒక తోబుట్టువు ఉండేది, రామోస్మానియా హెటెరోఫిల్లా, అదీ ఆ దీవిదే, పూర్తిగా పోయింది. కాబట్టి ఆ ఇంట్లో మిగిలింది ఇదొక్కటే.

మరోన్ అంటే ఏంది? ఊరి పేరా?

కాదు. అక్కడ క్రియోల్ భాషలో మరోన్ అంటే పారిపోయి అడవిలో పడ్డది, మచ్చిక కానిది. యజమాని దగ్గర్నుంచి తప్పించుకుని కొండలెక్కిన బానిసల్ని కూడా మరోన్లనే అనేవాళ్ళు. మనం అడవి మల్లె, అడవి మామిడి అంటామే, అట్టా అడవి కాఫీ అన్నమాట.

కాఫీ అంటున్నారు గదా, దీంతో ఫిల్టర్ కాఫీ పెట్టుకోవచ్చా?

ఇది మాత్రం అందరూ అడిగారు. పెట్టుకోలేం. కాఫీ చెట్టూ ఇదీ ఒకే కుటుంబం, అంతవరకే చుట్టరికం. ఆ కుటుంబంలో మన నూరువరహాలు ఉంది, బిక్కి ఉంది, మంగ ఉంది, పూర్వం మన సముద్రం ఒడ్డు ఇసకలో తవ్వి బట్టలకి ఎర్ర రంగు వేసిన చిరువేరు కూడా ఉంది. వాటితో ఎవరైనా కాఫీ పెట్టుకున్నారా? ఇదీ అంతే.

రోడ్రిగ్స్ యాడుంది? మారిషస్సేనా?

మారిషస్ దేశంలో భాగమే గానీ వేరే దీవి. మారిషస్‌కి తూర్పుగా సుమారు 600 కిలోమీటర్ల దూరంలో సముద్రం మధ్యలో ఉంటుంది. మొత్తం వైశాల్యం 108 చదరపు కిలోమీటర్లు. ఈ కొస నుంచి ఆ కొసకి పోయినా మనం నెల్లూరు నుంచి మైపాడు బీచికి పోయినంత దూరం లేదు. అగ్నిపర్వతం నుంచి పుట్టిన దీవి, ఏ ఖండానికీ అంటుకుని లేదు, అందుకే అక్కడి చెట్టూ పిట్టా వేరే దారిలో పెరిగాయి. మారిషస్‌లో మనోళ్ళు బాగానే ఉండారు, ఉగాదికి గవర్నమెంటు సెలవు కూడా ఇస్తారు, కానీ రోడ్రిగ్స్ జనం ఎక్కువ మంది క్రియోల్ క్రైస్తవులు.

చిన్న మొక్కకి ఒక ఆకు, పెద్ద మొక్కకి ఇంకో ఆకు అంటుండారు, అదెట్టా?

నిజమే, నాకు ఈ మొక్క మీద పిచ్చి పట్టింది ఇక్కడే. చిన్నప్పుడు దాని ఆకు సన్నగా, పొడుగ్గా, గోధుమ రంగులో మచ్చలు మచ్చలుగా ఉంటుంది, మధ్య ఈనె గులాబి రంగు. దూరం నుంచి చూస్తే ఎండిపోయిన పుల్ల అనుకుంటారు. మొక్క పైకి పోయాక అదే కొమ్మ నుంచి నున్నటి, వెడల్పాటి పచ్చటి ఆకులొస్తాయి. తెలియనోడు చూస్తే రెండు మొక్కలు కలిసి పెరిగాయనుకుంటాడు.

ఎందుకట్టా అంటే తాబేళ్ళు. ఆ దీవిలో పూర్వం పెద్ద పెద్ద నేల తాబేళ్ళు ఉండేవి. 1691లో అక్కడికి పోయి రెండేళ్ళున్న ఫ్రాన్స్ ఆయన లెగా, నేల మీద కాలు పెట్టకుండా వాటి వీపుల మీదే వంద అడుగులు నడవొచ్చు అన్నట్టు రాశాడు, అన్ని ఉండేవంట. తాబేలు మెడ చాచితే ఎంత ఎత్తు అందుద్దో అంతవరకూ మొక్క ఎండుపుల్ల వేషం వేసుద్ది, ఆ ఎత్తు దాటాక వేషం తీసేసి పచ్చగా పెరుగుద్ది, అని వృక్షశాస్త్రం వాళ్ళ ఆలోచన. మీకు నమ్మకం కుదరకపోతే మన జామాయిల్ తోటలోకి పోయి చూడండి, నరికిన మొదలు నుంచి వచ్చే చిగురు ఆకు వెడల్పుగా ఉంటుంది, పై ఆకు కొడవలి లాగా సన్నగా ఉంటుంది. వయసుని బట్టి ఆకు మారడం కొత్తేం కాదు, కాకపోతే కాఫే మరోన్ దాన్ని దాక్కోవడానికి వాడుకుంది.

ఇప్పుడు ఆ తాబేళ్ళు లేవు. ఓడలోళ్ళు మాంసానికి వేలకి వేలు ఎత్తుకుపోయారు, 1800 వచ్చేసరికి దాదాపు అయిపోయాయి. మొక్కకి ఆ సంగతి తెలియదుగా, ఇప్పటికీ దాక్కుంటానే ఉంది.

## పోయింది అనుకున్న రోజులు

ఒక దీవి మొత్తం మీద ఒక్క మొక్కే ఎట్టా మిగిలింది?

మనుషులు దిగాక దీవి మారిపోయింది. అడవి కొట్టారు, తగలబెట్టారు, పొలాలు చేశారు. మేకల్ని, పశువుల్ని వదిలారు. మేక సంగతి మనకి ఒకళ్ళు చెప్పాలా? తాబేలు ఎండుపుల్ల అనుకుని వదిలేసిందాన్ని మేక వదలదు, పుల్లనే ముందు నములుద్ది. ఎత్తు అందకపోతే ముందుకాళ్ళు ఎత్తి నిలబడుద్ది.

ఆ పైన బయటి మొక్కలు. ఒంగోలు వైపు రైతులకి ఇది వింటే నవ్వొస్తుందేమో, రోడ్రిగ్స్‌లో స్థానిక మొక్కల్ని తొక్కేసినవాటిల్లో మన సుబాబుల్ కూడా ఉంది. ఇక్కడ టన్నుల్లెక్కన పేపరు మిల్లుకి పోయేది అక్కడ కొండల్ని కమ్మేసింది. లంటానా కూడా అంతే. మన చెరువుల్లో సర్కారు తుమ్మ చేసిన పని గుర్తు తెచ్చుకోండి, అర్థమవుద్ది.

ఇక లేదు అని ఎవరు తేల్చారు? సరిగ్గా వెతికారా?

1874లో శుక్రుడు సూర్యుడి ముందు నుంచి పోయే వింత చూడటానికి ఇంగ్లాండు నుంచి ఒక బృందం రోడ్రిగ్స్ పోయింది. వాళ్ళతో బాల్ఫర్ అనే వృక్షశాస్త్రవేత్త పోయి దీవిలో మొక్కలన్నీ సేకరించాడు. మిగిలినోళ్ళు ఆకాశం చూస్తుంటే ఆయన నేల చూశాడు. 1870ల్లోనే ఈ మొక్క బొమ్మ అచ్చయింది, అందుకే అది ఎట్టా ఉండేదో తర్వాతోళ్ళకి తెలిసింది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఎవరికీ కనపడలా, దాంతో పోయినవాటి జాబితాలో వేసేశారు. వెతకలేదని కాదు, దీవి అంతా మేకలు తిరుగుతుంటే ఇంకా ఉందని ఎవరనుకుంటారు.

కనుక్కుంది స్కూలు పిల్లోడంట, కథలు చెప్తుండారా?

కథ కాదు. 1980 ప్రాంతంలో అక్కడ ఒక మాస్టారు పాత బొమ్మలు పిల్లలకి చూపించి, ఇట్టాంటి మొక్కలు మీ ఇళ్ళ దగ్గర ఏమన్నా ఉంటే చెప్పండర్రా అన్నాడు. ఒక పిల్లోడు మా దగ్గర ఇదుంది సార్ అని చెప్పాడు. పోయి చూస్తే రోడ్డు పక్కన, పశువులు కొరికి, పురుగు పట్టి, గిడసబారి ఒకటే మొక్క. కొమ్మ తుంచి లండన్‌లో క్యూ గార్డెన్స్ అనే పెద్ద వృక్షశాస్త్ర తోటకి పంపితే వాళ్ళు ఇది అదేనని చెప్పారు. రోజూ ఆ దారినే జనం పోతుండేవాళ్ళు.

నాకు నచ్చింది ఆ మాస్టారి పద్ధతి. పిల్లలు గట్లెమ్మట తిరుగుతారు, రేగుపళ్ళ కోసం ముళ్ళల్లో దూరతారు, వాళ్ళకి తెలిసినన్ని మొక్కలు మనకి తెలియవు.

మన వైపు ఇట్టా పోయి మళ్ళీ దొరికింది ఏమన్నా ఉందా?

మొక్క కాదు, పిట్ట ఉంది. కలివి కోడి. పూర్వం నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ దొర పేరే దానికి పెట్టారు, 1848లో లోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనపడక, పోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లా సిద్ధవటం దగ్గర మళ్ళీ దొరికింది, అదీ వేటాడే స్థానికుల సాయంతోనే. పెన్న ఏటి పైన కలివి పొదల్లో ఉన్నదాన్ని మనోళ్ళు రోజూ చూస్తానే ఉండి ఉంటారు, అది గొప్పదని వాళ్ళకి చెప్పినోడు లేడు.

## దొరికిన తర్వాత

దొరికాక ఇక భయమేముంది, కాపాడుకుంటారు గదా?

దొరికాకే అసలు భయం మొదలైంది. అరుదైన మొక్క అని పేరు రాగానే జనం వచ్చి కొమ్మలు తుంచుకుపోవడం మొదలుపెట్టారు. తాగిన మర్నాడు తలనొప్పికి, సుఖరోగాలకి అది మందని అక్కడ పాత నమ్మకం. ఎవరికీ పట్టని రోజుల్లో మేకలు తిన్నాయి, పేరొచ్చాక మనుషులు తుంచారు. చుట్టూ కంచె వేశారు, కంచె దాటి తుంచారు, ఇంకో కంచె వేశారు.

ఈ మాట చెప్తుంటే నాకే గుచ్చుకుంటది. మా అమ్మ వాళ్ళ ఊరు ఉదయగిరి వైపు. ఊరి వెనక గుట్ట మీద ఒకే ఒక బిక్కి చెట్టుండేది. మొగ్గ కొసన చిన్న బంక చుక్క, పొద్దున ఎండలో చూస్తే గాజుపూస తగిలించినట్టుండేది, పువ్వు తెల్లగా విచ్చుకుని సాయంత్రానికి పసుపుకి తిరిగేది. నేను ఊరుకోకుండా నాలుగేళ్ళ కిందట ఫొటో తీసి, ఫలానా గుట్ట అని పేరు రాసి, దీని బంక పిల్లల కడుపులో పాములకి మందు అని గ్రూపులో పెట్టా. బో లైకులొచ్చాయి. నెల తిరక్కుండా పోయి చూస్తే మొదలు చుట్టూ బెరడు గీకేసి ఉంది, కింద కొమ్మలు లేవు. ఎవర్నని అడగాలి, దారి చెప్పింది నేనే.

ఆ కాఫే మరోన్ మందు నిజంగా పనిచేసుద్దా?

తుంచినోళ్ళకి తగ్గిందని నేనైతే యాడా చదవలా. తలనొప్పి ఎట్టాగూ మధ్యాహ్నానికి తగ్గుద్ది, మజ్జిగ తాగి పడుకోండి.

అంట్లు కట్టి ఊరంతా పంచేస్తే సరిపోయేది గదా, మీ నర్సరీల్లో చేసినట్టు?

అదే చేద్దామనుకున్నారు, కానీ ఒకే ఒక్క మొక్క, అదీ చిక్కిపోయింది, ఎక్కువ కొమ్మలు కోస్తే అసలుకే మోసం. నిమ్మకి, మల్లెకి అయితే తల్లిమొక్కలు వంద ఉంటాయి, పది చచ్చినా లెక్క చెయ్యం. 1986లో కొద్దిగా ముక్కలు కోసి విమానంలో లండన్ పంపారు, క్యూ గార్డెన్స్ వాళ్ళు వేరు పట్టించే పని మీద కూర్చున్నారు. అన్నిట్లో ఒకటే బతికింది. ఆ ఒక్కదాన్నుంచి మళ్ళీ ముక్కలు తీసి, అవి పెరిగాక వాటి నుంచి ఇంకొన్ని తీసి, అట్టా పెంచుకుంటా పోయారు. ఆ మొదటి ముక్కని చూసుకున్నోళ్ళకి రాత్రుళ్ళు నిద్ర పట్టి ఉండదు.

కోసిన కొమ్మ అంత దూరం ప్రయాణం చేసి ఎట్టా బతికింది?

క్యూ వాళ్ళ గదుల్లో ఏమేం మిషన్లుంటాయో గానీ సూత్రం ఒకటే: కొమ్మకి వేరు లేదు కాబట్టి నీళ్ళు తాగలేదు, ఆకు మాత్రం గాలికి నీళ్ళు వదుల్తానే ఉంటుంది. ఆ నష్టం ఆపితే కొన్నాళ్ళు బతుకుద్ది. మేం చేసేది చెప్తా. తెల్లారకముందే కోస్తాం, లేత కాదు ముదురు కాదు, పెన్సిలు మందాన. పై రెండాకులు ఉంచి వాటిని కూడా సగానికి కత్తిరిస్తాం. తడి పేపర్లో చుట్టి కవర్లో పెట్టి మూతి కట్టేస్తాం, ఎండ తగలనివ్వం. తీసుకొచ్చాక కింద కొస మళ్ళీ ఏటవాలుగా కోసి, రూటింగ్ పౌడర్ అద్ది, కోకోపీట్, ఇసక కలిపిన దాంట్లో గుచ్చి, షేడ్ నెట్ కింద పైన ప్లాస్టిక్ గుడారం వేస్తాం. నూరువరహాలైతే పదికి ఆరేడు వస్తాయి. తుపానుకి మూడు రోజులు కరెంటు పోయి మోటారు ఆడక నీళ్ళు చల్లలేకపోయిన ఏడు మాత్రం పదికి పదీ పోయాయి, నల్లగా మారి వేలుతో తాకితే తోలు ఊడొచ్చింది. అది మన మామూలు పూలమొక్క కాబట్టి మళ్ళీ కోసుకున్నాం.

ఒకదాన్నుంచి వంద చేస్తే వంద ఉన్నట్టే గదా, ఇంకా అరుదంటారేంది?

వంద కుండీలున్నట్టు, మొక్క మాత్రం ఒకటే. కొమ్మ నుంచి వచ్చింది తల్లికి అచ్చు నకలు. అరటి తోట చూడండి, పిలకల నుంచి వచ్చిందే గదా, ఒకదానికి తెగులు తగిలితే తోట తోటంతా అదే తెగులుకి పడిపోతది, తట్టుకునే వేరే రకం మధ్యలో ఒక్కటీ ఉండదు. గింజ నుంచి వస్తే అట్టా కాదు. టెంక పాతితే వచ్చిన మామిడి తల్లిలాగే కాయదు, ఒకటి పులుపు ఒకటి పీచు. అమ్ముకునేటోడికి అది నష్టం, జాతి నిలబడాలంటే అదే కావాల. అందుకే గింజ కోసం అన్నేళ్ళు తంటాలు పడ్డారు.

## కాయ కోసం తిప్పలు

పూలు బాగా పూసిందంట, మరి కాయ ఎందుకు కట్టలా?

పూయడంలో లోటు లేదు, లండన్‌లో గాజు ఇంట్లో పూస్తానే ఉంది. పుప్పొడి కూడా ఉంది. ఆ పుప్పొడి కీలాగ్రం మీద, అంటే పువ్వులో పుప్పొడి అందుకునే ఆడ భాగం కొస మీద, పడ్డా లోపలికి దిగేది కాదు. చాలా మొక్కలకి సొంత పుప్పొడి గిట్టదు, వేరే చెట్టుది కావాల. వేరే చెట్టు యాడుంది, లోకంలో ఉన్నవన్నీ అదే మొక్క ముక్కలు. మన ఇళ్ళల్లో ఒంటి మొక్క పూసి పూసి కాయకుండా రాలిపోతే దిష్టి తగిలిందని నిమ్మకాయలు కడతారే, సగం సార్లు కారణం ఇదే, పక్కన జోడు లేదు.

చివరికి ఎవరు కట్టించారు?

కార్లోస్ మాగ్దలేనా అని స్పెయిన్ ఆయన, క్యూలో తోటపని చేసేవాడు. సైంటిస్టులు ఇక కాదులే అని వదిలేసిన మొక్కని పట్టుకుని కూర్చున్నాడు. పుప్పొడి మామూలుగా అద్దితే దిగడం లేదని, కీలాగ్రం కొసని బ్లేడుతో కోసి ఆ గాయం మీద పుప్పొడి పెట్టాడు, అంటే తలుపు తియ్యకపోతే గోడకి కన్నం పెట్టినట్టు. వేడి, వెలుతురు మార్చి చూశాడు. లెక్కలేనన్ని పూలకి అదే పని. 2003లో ఒక కాయ నిలబడింది, దాంట్లో గింజలున్నాయి. మొక్క దొరికి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది.

చేత్తో పుప్పొడి అద్దే పని మా దగ్గర ఆడోళ్ళు కాకర పందిట్లో రోజూ చేస్తారు, మగపువ్వు తుంచి ఆడపువ్వుకి తాకించి పోతా ఉంటారు, వాళ్ళకి ఈ కథ చెప్తే "ఇదేం బ్రహ్మవిద్య" అన్నారు. బ్లేడు సంగతి చెప్పాక మాత్రం ఒకామె ఆగి, "కోస్తే పువ్వు వాడిపోదా?" అని అడిగింది. మంచి ప్రశ్న, వాడిపోయే లోపల దిగాల.

ఆ గింజల్ని ఏం చేశారు? అక్కడే ఉంచేసుకున్నారా?

కొన్ని క్యూలో మొలకెత్తించారు, మళ్ళీ పూయించి మళ్ళీ గింజలు తీశారు. తర్వాత గింజలు రోడ్రిగ్స్‌కి తిరిగి పంపారు. అక్కడ మారిషస్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ వాళ్ళు నర్సరీలు పెట్టి, గ్రాండ్ మోంటాన్ లాంటి రిజర్వుల్లో సుబాబుల్, లంటానా లాంటివి పీకేసి స్థానిక మొక్కలు నాటుతుండారు. మొక్క ఒక్కటే పంపితే లాభం లేదు, అది నిలబడే చోటు కూడా సిద్ధం చెయ్యాల.

## మన దగ్గర పెంచడం గురించి

మీ నర్సరీలో ఉందా? రేటెంత?

లేదు. రేటు లేదు. దయచేసి అడ్వాన్స్ పంపబాకండి, ఒకాయన అడక్కుండానే ఫోన్ పే చేశాడు, తిరిగి పంపడానికి రెండు రోజులు పట్టింది.

దొరికితే నెల్లూరు ఎండకి బతుకుద్దా?

రోడ్రిగ్స్ కూడా ఉష్ణమండలమే, వాన కూడా మన నెల్లూరు మాదిరి ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు, తుపాన్లు వాళ్ళకీ ఉన్నాయి. కాగితం మీద చూస్తే సరిపోద్ది అనిపించుద్ది. తేడా రోహిణి కార్తెలో తెలుసుద్ది. అక్కడ చుట్టూ సముద్రం, పగటి వేడి మామూలుగా 30 డిగ్రీల దగ్గరే ఆగుద్ది. ఇక్కడ 43, 44, పైన పడమటి గాలి. కనిగిరి, పామూరు వైపైతే గాలిలో తేమ కూడా ఉండదు. షేడ్ నెట్ కింద, రోజుకి మూడుసార్లు నీళ్ళు చల్లుకుంటా బతికిస్తారేమో, దాన్ని పెంచడం అనరు, ఐసీయూలో పెట్టడం అంటారు.

మా బావ మారిషస్‌లో ఉండాడు, ఒక కొమ్మ సూట్‌కేసులో పెట్టుకొస్తాడు, ఏమన్నా అవుద్దా?

అవుద్ది. బయటి దేశం నుంచి మొక్క గానీ గింజ గానీ తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం ముందుగా పర్మిట్ తీసుకోవాల, ఆ దేశం వాళ్ళు ఇచ్చిన ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాల. లేకపోతే చెన్నై ఎయిర్‌పోర్టులోనే పట్టుకుని నాశనం చేస్తారు. ఇది ఊరికే పెట్టిన రూల్ కాదు. 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడి ప్రకాశం రైతులు తోటలకి తోటలే దున్నేశారు గదా, ఆ పురుగు ఈ దేశంది కాదు, ఎవరి సామానులోనో, ఏ మొక్కతోనో వచ్చి ఉండాల.

ఇంకో మాట, లోకంలో ఇన్నే ఉన్న మొక్క కొమ్మని మీ బావకి ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు. అంటే తుంచుకు రావాల.

ఆన్‌లైన్‌లో గింజలు అమ్ముతుండారు, కొనమంటారా?

కొనబాకండి. అల్లూరు నుంచి ఒక టీచరమ్మ అయిదు గింజలు 1,200 పెట్టి కొని, మొలిచాక రెండు ఆకులేసిన కవరు స్కూటీ మీద పట్టుకొచ్చి "అన్నా, ఇదేనా, ఆకులు జతలు జతలుగా వస్తుండాయి" అని చూపించింది. నాకు చూడగానే డౌటు. ఒక ఆకు నలిపి వాసన చూడమన్నా, ముక్కు మూసుకుంది. కసివింద. మన బస్టాండు వెనకాల, కాలవ గట్టున, యాడబడితే అక్కడ పసుపు పూలు పూస్తా ఉండే కసివింద. నవ్వాలో ఏడవాలో తెలియలా. పూర్వం దాని గింజల్ని వేయించి కాఫీ పొడిలో కలిపేవాళ్ళు, అమ్మినోడు ఆ "కాఫీ" మాట పట్టుకున్నాడో ఏమో. మీరు మాత్రం ఆ పని చెయ్యబాకండి, ఆ గింజలు పిల్లలకి, పశువులకి విషం. ఆమెకి డబ్బులు తిరిగి రాలా, అమ్మినోడి పేజీ మూతపడింది.

అట్టాంటి తెల్లపూల మొక్కే కావాలంటే ఏం పెట్టుకోమంటారు?

కాఫీ కుటుంబంలోనే మనవి బోలెడున్నాయి. కుండీకైతే తెల్ల నూరువరహాలు, నీళ్ళు నిలవకుండా చూసుకుంటే చాలు, ఏడాదంతా పూస్తది. ఖాళీ స్థలం ఉంటే మంగ, ముళ్ళుంటాయి, కంచెకి పనికొస్తది. ఎర్రనేల, రాతినేల అయితే బిక్కి. బిక్కి నిదానం, మొదటి రెండేళ్ళు అసలు పెరుగుతుందా అనిపిస్తది, కానీ వేరు పట్టాక రోహిణి ఎండ కూడా దాన్నేం చెయ్యలేదు.

పోయి చూడాలంటే కుదురుద్దా?

కుదురుద్ది. లండన్ పోయేవాళ్ళుంటే క్యూ గార్డెన్స్. రోడ్రిగ్స్ అయితే, మన పాస్‌పోర్టుకి మారిషస్‌లో దిగాక వీసా ఇస్తారు, అక్కడి నుంచి చిన్న విమానంలో గంటన్నర. దీవిలో 2007లో మొదలైన లెగా రిజర్వు ఉంది, పోయిన తాబేళ్ళ స్థానంలో వేరే దీవుల పెద్ద తాబేళ్ళని తెచ్చి స్థానిక మొక్కల మధ్య వదిలారు. ఎండుపుల్ల వేషం ఎవరి కోసం వేసిందో అక్కడ చూస్తే తెలుసుద్ది.

మా పొలం గట్టున పేరు తెలియని మొక్క ఒకటే ఉంది, ఏం చెయ్యమంటారు?

ముందు నరక్కండి. పువ్వు, ఆకు ముందూ వెనకా, కాయ, మొదలు బెరడు, నాలుగు ఫొటోలు తీయండి. పక్కన రూపాయి బిళ్ళ పెడితే సైజు తెలుసుద్ది. దగ్గర్లో డిగ్రీ కాలేజీలో బోటనీ మేడం ఉంటే చూపించండి, హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే వాళ్ళ ఆఫీసుంది, వాళ్ళకీ పంపొచ్చు. గ్రూపుల్లో పెట్టాలనిపిస్తే పెట్టుకోండి, ఊరి పేరు, గుట్ట పేరు రాయబాకండి. ఫొటోలో లొకేషన్ ఉంటే అది కూడా తీసేయండి, మా అమ్మాయి నేర్పింది నాకు, సెట్టింగుల్లో ఉంటది.

బిక్కి మొక్కలు ఎప్పుడిస్తారు?

గీకేసిన ఆ చెట్టు చావలా, పై కొమ్మలకి మరుసటేడు కాయలొచ్చాయి. గింజలు తెచ్చి పోస్తే పదకొండు నిలబడ్డాయి, ఇప్పుడు జానెడు ఎత్తున్నాయి. నాలుగు అమ్మను, వానలు పడగానే ఆ గుట్ట మీదికే పోతాయి. మిగిలిన ఏడూ కార్తీకం వానలప్పుడు ఇస్తా, అయిదింటికి ఇప్పటికే మాట ఇచ్చేశా.